మనిషికి ఎంత తిండి కావాలి?

మా పాఠశాలలో తొమ్మిదో తరగతి గోడకు ఒక పటం వేలాడుతూ ఉంటుంది. మనిషికి రోజుకు ఎన్ని క్యాలరీల ఆహారం కావాలో అందులో మూడు వరసల్లో రాసి ఉంది: కూర్చుని పనిచేసేవారికి, ఒక మోస్తరు శ్రమ చేసేవారికి, కాయకష్టం చేసేవారికి. నేను తెలుగు చెప్పేవాణ్ని. సైన్సు మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆ పిరియడుకు నన్ను పంపారు. ఒక అమ్మాయి లేచి, "సార్, మా నాయన నాపరాళ్ల గనిలో బండలు కొట్టనీకి పోతాడు. ఆయన ఏ వరసలోకి వస్తాడు?" అని అడిగింది. మూడో వరస చూపించాను. ఆ పిల్ల అంకెను కాసేపు చూసి, "అంత తిండి మా నాయన తినడు సార్. మల్ల పని ఎట్ల చేస్తాండాడు?" అంది.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. జవాబు వెతుక్కుంటూ పోతే అది సైన్సు పుస్తకంలో కంటే చరిత్రలోనే ఎక్కువగా దొరికింది. దాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు నేటి లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, 65 కిలోల బరువున్న మగవాడు కూర్చుని పనిచేస్తే 2110 క్యాలరీలు, ఒక మోస్తరు శ్రమ చేస్తే 2710, కాయకష్టం చేస్తే 3470 కావాలి. 55 కిలోల స్త్రీకి ఇవే వరసగా 1660, 2130, 2720. అంటే గుమాస్తాకూ బండలు కొట్టేవాడికీ మధ్య తేడా 1360 క్యాలరీలు. శ్రమ పెరిగితే తిండి పెరగాలన్నది అమ్మకూ తెలుసు, రైతుకూ తెలుసు. దున్నే రోజుల్లో ఎద్దుకు ఎక్కువ దాణా పెట్టని రైతు లేడు. కాని కూలివాడి దగ్గరికి వచ్చేసరికి ఈ తెలిసిన సంగతే వివాదాస్పదం అవుతుంది. ఎందుకంటే ఎద్దుకు యజమాని ఒకడే. కూలివాడి తిండిని నిర్ణయించేవాడు వేరు, ఆ తిండి లేక నష్టపోయేవాడు వేరు.

మన సాహిత్యంలో తిండి ప్రస్తావనలకు కొదవ లేదు. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడి పేర నిలిచిన చాటువులు అందరికీ తెలిసినవే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏ వంటకాలు పెట్టాడో రాయలవారు ఎంతో శ్రద్ధగా చెప్పారు. రుచి ఉంది, అరుచి ఉంది, ఆతిథ్యం ఉంది. పనిచేసే మనిషికి ఎంత తిండి చాలుతుందనే ప్రశ్న మాత్రం కావ్యంలోకి రాలేదు. మన నేల మీద అది ప్రభుత్వ కాగితాల్లోకి తూకాలతో సహా ఎక్కిన సందర్భం ధాత కరువు.

1876లో వానలు పోయాయి. ఆ ఏడు ధాత, మరుసటి ఏడు ఈశ్వర. కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు జిల్లాలు మలమల మాడిపోయాయి. మైసూరు, బొంబాయి దక్కను, నిజాం రాజ్యం కూడా కరువు వాత పడ్డాయి. ఆ దశలోనే, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని కరువు ప్రతినిధిగా దక్షిణానికి పంపాడు.

ఈ టెంపుల్ కథ తెలుసుకోదగ్గది. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు సహాయ కార్యక్రమంలో ముఖ్యపాత్ర ఇతనిదే. బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించారు. జనం దాదాపుగా చావలేదు. అందుకు అతనికి దక్కింది మెప్పు కాదు, దుబారా చేశాడన్న నింద. ఆ నిందను కడుక్కోవలసిన మనిషిగా అతను మద్రాసు వచ్చాడు. సహాయ పనుల్లో అప్పటిదాకా ఇస్తున్న కూలిని తగ్గించాడు. రోజంతా మట్టి తవ్వి, రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌను గింజల విలువ, పైన కొద్దిపాటి చిల్లర. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. దీనికే చరిత్రలో "టెంపుల్ కూలి" అని పేరు వచ్చింది.

ఒక పౌను అంటే 454 గ్రాములు. వంద గ్రాముల జొన్నలు సుమారు 350 క్యాలరీలనుకుంటే ఇది దాదాపు 1590 క్యాలరీలు. అమెరికన్ చరిత్రకారుడు మైక్ డేవిస్ 2001లో వెలువరించిన గ్రంథంలో ఈ కూలిని 1627 క్యాలరీలుగా లెక్కకట్టాడు. 1944లో బూకెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరంలో ఇచ్చిన 1750 కంటే ఇది తక్కువని చూపించాడు. ఏ పనీ చేయకుండా పడుకున్న మనిషి ఊపిరి నిలవడానికే సుమారు 1500 కావాలి. మిగిలిన నూటపాతిక క్యాలరీలతో గడ్డపార ఎత్తాలి!

దీన్ని ఎదిరించినవాడు కూడా ప్రభుత్వోద్యోగే. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. కాయకష్టం చేసేవాడికి కనీసం పౌనున్నర గింజలు, దాంతోపాటు పప్పు, కూరగాయలు ఉండి తీరాలని అతను వాదించాడు. తెల్లవాళ్లంతా ఒకటే అనుకునేవారు ఈ తగాదాను గమనించాలి. అలాగని ఒక్క మంచి అధికారి వల్ల వ్యవస్థ మారుతుందనుకునేవారు దాని ఫలితాన్ని గమనించాలి. మద్రాసు ప్రభుత్వం 1877లోనే కొంత దిగివచ్చింది. ఒకటింపావు పౌను గింజలు, ఔన్సున్నర పప్పు ఇచ్చింది. అంటే ఇద్దరి మధ్య రాజీ, సుమారు 2130 క్యాలరీలు. ఆకలికీ ఖజానాకూ మధ్య సగంలో గీసిన గీత అది.

అప్పటికి ఆహారాన్ని క్యాలరీల్లో కొలిచే అలవాటు లేదు. అమెరికాలో ఆట్‌వాటర్ మనిషి దేహం ఖర్చుచేసే వేడిని కొలిచింది 1890లలో. వాదమంతా పౌన్లలో, ఔన్సుల్లో నడిచింది. అయినా కూలీలకు లెక్క తెలియకపోలేదు. బొంబాయి రాష్ట్రంలో వేలాదిమంది టెంపుల్ కూలిని నిరాకరించి పనుల నుంచి వెళ్లిపోయారు. పూనా సార్వజనిక సభ వారి పక్షాన నిలిచింది. ఆకలితో ఉన్నవాడు సమ్మె చేయడమంటే ఏమిటో మనం ఊహించుకోవాలి. ఈ తిండి తిని ఈ పని చేస్తే చస్తామని వాళ్ల దేహాలే చెప్పాయి.

ఆ కరువులో బ్రిటిషు పాలిత ప్రాంతాల్లోనే చనిపోయినవారు తక్కువలో తక్కువ అంచనా ప్రకారం 55 లక్షలు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా తన జనంలో సుమారు నాలుగోవంతును పోగొట్టుకుంది. అందరూ టెంపుల్ కూలి వల్లనే చచ్చారని నేననను. కలరా ఉంది, ధరలున్నాయి, వ్యాపారుల నిల్వలున్నాయి, ఆ ఏళ్లలోనే ఓడలెక్కి పోయిన ధాన్యం ఉంది. కాని తిండికి అడుగుగీత ఎక్కడుండాలో పనిచేసే దేహాన్ని బట్టి కాక ఖజానాను బట్టి నిర్ణయించే పద్ధతి అక్కడ స్పష్టంగా కనిపించింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పద్ధతి పోయిందా? శాస్త్రం ఎదిగింది, సందేహం లేదు. కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టి అయిక్రాయిడ్ విస్తరించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన గింజల్లో, మన ఆకుకూరల్లో ఏముందో దేశానికి చెప్పింది ఆ సంస్థే. ఆ విజ్ఞానం ఆధారంగానే 1971లో దండేకర్, రథ్‌లు 2250 క్యాలరీలను పేదరికానికి కొలబద్దగా తీసుకున్నారు. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన బృందం పల్లెకు 2400, పట్నానికి 2100 అని నిర్ణయించింది. పిల్లలనూ వృద్ధులనూ కలుపుకొని తీసిన సగటు అది. కాబట్టి దాన్ని బండలు కొట్టేవాడి 3470తో నేరుగా పోల్చరాదు. ఆకలిని పాలకులు ఒప్పుకున్న కొలతతో చూపించడానికి ఆ అంకె ప్రజాపక్షానికీ పనికివచ్చింది.

కాని అంకె నిలవలేదు. 1973-74లో పల్లెలో నెలకు 49 రూపాయల 9 పైసలు ఖర్చుపెట్టగలవాడికి 2400 క్యాలరీలు దొరికేవి. తర్వాత ఆ రూపాయలను ధరల సూచీతో పెంచుకుంటూ పోయారు గాని, ఆ డబ్బుతో నిజంగా 2400 దొరుకుతున్నాయా అని రేఖను సరిచూడలేదు. 2009లో టెండూల్కర్ సంఘం క్యాలరీతో సంబంధాన్నే తెంచివేసింది. 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు చెప్పిన లెక్క రోజుకు పట్నంలో 32 రూపాయలు, పల్లెలో 26. 2014లో రంగరాజన్ సంఘం మళ్లీ క్యాలరీ దగ్గరికి వచ్చింది, ఈసారి పల్లెకు 2155.

ఈ మధ్యలో జరిగిన ఒక వాదం మా విద్యార్థిని ప్రశ్నకు మరీ దగ్గరిది. 1970ల చివర, 80ల మొదట్లో గణాంక శాస్త్రజ్ఞుడు సుఖాత్మే, మనిషి అవసరం రోజురోజుకూ మారుతుంది, తక్కువ తిండికి దేహం కొంతమేరకు సర్దుకుంటుంది, కాబట్టి సగటు అవసరాన్ని గీతగా పెట్టి ఆకలిగొన్నవారిని లెక్కించరాదు అన్నాడు. అమెరికన్ ఆర్థికవేత్త సెక్లర్ ఇంకో అడుగు ముందుకు వేసి, చిన్న దేహమైనా ఆరోగ్యంగానే ఉండవచ్చునన్నాడు. జాతీయ పోషకాహార సంస్థను నడిపిన డాక్టర్ గోపాలన్ దీన్ని గట్టిగా ఖండించాడు. ఆయన వాదన సారాంశం ఇది: దేహం సర్దుకోవడం నిజమే, కాని ఊరికే సర్దుకోదు. పిల్లవాడైతే ఎదుగుదల ఆగుతుంది, పెద్దవాడైతే కండ కరుగుతుంది, పని తగ్గుతుంది. అది ఆరోగ్యం కాదు, ఓర్చుకోవడం. నూరేళ్ల తర్వాత టెంపుల్, కార్నిష్‌ల తగాదానే మరో భాషలో జరిగిందని నాకనిపిస్తుంది. సుఖాత్మేను టెంపుల్‌తో సమానం చేయడం నా ఉద్దేశం కాదు, ఆయన నిజాయితీ గల శాస్త్రజ్ఞుడు. కాని శాస్త్రజ్ఞుడు "సర్దుకుంటుంది" అన్న మాట పాలకుడి చెవిలో "సరిపోతుంది" అని వినపడుతుంది.

ఇక కార్నిష్ అడిగిన పప్పు సంగతి. 1983లో మన రాష్ట్రంలో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు మనిషికి నెలకు 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా ఇచ్చారు. 2013 ఆహార భద్రతా చట్టం రాసిందీ మనిషికి 5 కిలోలే. రోజుకు లెక్కేస్తే 167 గ్రాములు, 580 క్యాలరీలకు లోపు. ఆ బియ్యం ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూసిందో పల్లెలో ఉన్న నాకు తెలుసు. దాన్ని తేలిక చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కాని గింజ చవకై పప్పు ప్రియమైతే కడుపు నిండుతుంది గాని కండ నిలవదు. క్యాలరీ ఒక్కటే కొలత అనుకున్నా పొరపాటే.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి చెప్పాను. "మీ నాయన తక్కువ తిని పని చేయగలుగుతున్నాడంటే, మిగతాది ఆయన ఒంట్లోంచి పోతోందమ్మా" అన్నాను. ఆ పిల్ల తలవంచుకుని, "సాయంత్రమైతే మంచం మీంచి లేయడు సార్" అంది. గోపాలన్ చెప్పింది అదే.

మన కథల్లో, కవితల్లో ఆకలిని ఎంతగానో వర్ణించాం. మండే కడుపులు, ఎండిన పేగులు మనకు పరిచితమైన మాటలు. ఆ ఆకలిని ఎవరు తూచారు, ఏ తక్కెడలో తూచారు, తక్కెడ ఎవరి చేతిలో ఉంది అని రాసినవారు తక్కువ. కర్నూలు, అనంతపురం పల్లెల్లో ధాత కరువు పేరు ముసలివాళ్ల నోట ఇంకా వినపడుతుంది. ఆ మాటలు పోకముందే వాటిని సేకరించి, ప్రభుత్వ కాగితాల పక్కన పెట్టి చదవడం మన రచయితలూ ఉపాధ్యాయులూ చేయదగ్గ పని. మనిషికి ఎంత తిండి కావాలో శాస్త్రం చెప్పగలదు. ఆ మాట అమలు కావడం మాత్రం, తినే మనిషికి ఆ లెక్కలో నోరు ఉన్నదా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.