చైనా మహా కాలువ - దాని ఒడ్డున ముస్లింలు

చైనాలోని పెద్ద నదులు చాలావరకు పడమర నుండి తూర్పుకు పారుతాయి. వరి సమృద్ధిగా పండేది దక్షిణాన యాంగ్‌జీ ప్రాంతంలో. రాజధాని, సైన్యం తరచు ఉండేవి ఉత్తరాన. ఈ రెండింటినీ కలిపే నీటిదారిని ప్రకృతి ఇవ్వలేదు. మనుషులే త్రవ్వుకొన్నారు.

క్రీ.పూ. 486లో వూ రాజు ఫూచాయ్ తన సైన్యం కోసం యాంగ్‌జీ, హువాయ్ నదులను కలుపుతూ త్రవ్వించిన కాలువ దీనికి మొదలు. క్రీ.శ. 605లో సుయీ చక్రవర్తి యాంగ్ ఆ పనిని మహా ప్రయత్నంగా చేపట్టాడు. 610 నాటికి కాలువ హాంగ్‌జౌ చేరింది. హిరా గుహలో తొలి వహీ అవతరించింది కూడా ఆ సంవత్సరమే అంటారు. లక్షలాది రైతులను వెట్టికి తోలిన ఆ వంశం 618లో కూలిపోయింది. కొరియాపై జరిపిన దండయాత్రలూ అందుకు కారణమే. ఫలం అనుభవించింది మాత్రం తాంగ్ వంశం.

కాలువ యాంగ్‌జీని కలిసే చోట యాంగ్‌జౌ నగరం వర్ధిల్లింది. అరబ్బు, పారశీక వర్తకులు అక్కడ స్థిరపడ్డారు. 760లో ఒక తిరుగుబాటును అణచడానికి వచ్చిన ప్రభుత్వ సైన్యమే నగరాన్ని దోచి, వారిలో వేలాది మందిని చంపింది. ధనం పోగైన చోటికి కత్తి కూడా వస్తుంది మరి! అయినా ముస్లింలు ఆ తీరానికి మళ్ళీ వచ్చారు. పుహద్దీన్ అని చైనీయులు పిలిచే ధర్మప్రచారకుడు 1275లో ఈ కాలువపైనే, పడవలో ప్రయాణిస్తూ మరణించాడని సంప్రదాయం. ఆయన సమాధి యాంగ్‌జౌలో కాలువ తూర్పు గట్టున ఉంది.

కుబ్లయ్ ఖాన్ కాలంలో కాలువను షాంటుంగ్ మీదుగా సూటిగా మళ్ళించారు. 1293లో ఖగోళశాస్త్రజ్ఞుడు గువో షౌజింగ్ దానిని ఖాన్‌బాలిఖ్, అంటే నేటి బీజింగ్ నగరంలోకి చేర్చాడు. పారశీక మంత్రి రషీదుద్దీన్ 'జామిఉత్తవారీఖ్'లో ఈ కాలువను వర్ణించాడు. దానిపై ప్రయాణం నలభై రోజులనీ, అడ్డుకట్టల వద్ద పడవలను యంత్రాలతో పైకెత్తి అవతలికి దించుతారనీ వ్రాశాడు.

షాంటుంగ్ మెట్టలో నీరు నిలిచేది కాదు. 1411లో మంత్రి సోంగ్ లీ, బాయ్ యింగ్ అనే పల్లెవాసి సలహా విని, వెన్ నదికి ఆనకట్ట కట్టించాడు. ఆ నీటిని అన్నిటికంటే ఎత్తైన నాన్‌వాంగ్‌కు మళ్ళించి, అక్కడినుండి ఉత్తర, దక్షిణాలకు పంచాడు. ధాన్యపు పడవలు నిరాటంకంగా సాగాయి. లిన్‌చింగ్, జినింగ్ వంటి రేవు పట్టణాలలో మస్జిదులు వెలిశాయి.

1855లో పసుపు నది దారి మార్చుకొని కాలువను తెంచివేసింది. 1901లో ధాన్యపు పన్ను రవాణా రద్దయింది. 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. జినింగ్‌కు దక్షిణాన సరుకు పడవలు నేటికీ నడుస్తున్నాయి.