శాస్త్రజ్ఞుల ఉత్తరములు: సికిందరాబాదు టపా

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై నూరు కిలోమీటర్లకు కొంచెము పైగా ప్రయాణము చేసినచో నకిరేకల్ వచ్చును. చెరువులు, బావులు, వరి మళ్ళు గల ఆ ప్రాంతపు పెద్దలకు చలిజ్వరము ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. మొదట వణుకు, ఎన్ని గొంగళ్ళు కప్పినను తగ్గదు. పిదప ఒళ్ళు కాలిపోవును. ఆపైన చెమట. మనుష్యుని పట్టి పీడించు ఆ జ్వరపు క్రిమి దోమ కడుపులో పెరుగునను సంగతి మొదటిసారి మానవుని కంటబడినది ఏ దూరదేశముననో కాదు. అదే రహదారికి ఆవలి కొసన, సికిందరాబాదు దండు ప్రాంతమైన బేగంపేటలో.

ఈ విషయము పాఠ్యపుస్తకములో ఒక్క వాక్యము. 1897లో రొనాల్డు రాస్ కనుగొన్నాడని విద్యార్థి వల్లించును, మార్కులు పొందును. ఆ వాక్యము వెనుక ఎన్ని తప్పుదారులు, ఎంత విసుగు, ఎంత పంతము ఉన్నవో పాఠ్యపుస్తకము చెప్పదు. అది తెలియవలెనన్న రాస్ వ్రాసిన ఉత్తరములు చూడవలెను. ప్రసిద్ధుల చేవ్రాళ్ళు, ఉత్తరములు సేకరించుట ధనికుల వినోదమని కొందరు తలంతురు. సినిమా తారల సంతకముల విషయమున అది నిజమే కావచ్చును. శాస్త్రజ్ఞుల ఉత్తరముల సంగతి వేరు.

రాస్ 1857లో అల్మోరాలో జన్మించినాడు. వైద్యము చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరినాడు. 1894లో సెలవుపై లండనులో ఉన్నప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు అతనిని చేరదీసి, రోగి రక్తములోని మలేరియా పరాన్నజీవులను సూక్ష్మదర్శినిలో చూపినాడు. వాటిని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో కనుగొని యుండెను. అవి ఒక మనుష్యుని నుండి మరియొకనికి ఎట్లు చేరునన్నదే తెలియని ముడి. దోమలకు ఇందులో పాత్ర ఉండవలెనని మాన్సన్ ఊహ. 1895 ఏప్రిల్‌లో రాస్ సికిందరాబాదులో పటాలపు వైద్యుడుగా దిగినాడు. అది మొదలు 1899 వరకు గురుశిష్యుల నడుమ నూరుకు మించిన ఉత్తరములు నడిచినవి.

ఆ కాలమున ఉత్తరము ఓడ టపాలో పోవలెను. ఒక ప్రశ్నకు జవాబు చేతికి వచ్చుసరికి నెల దాటును. అందుచే రాస్ జవాబు కొరకు కాచుకొనక, జరిగినది జరిగినట్లు వ్రాసి పంపుచుండెను. ఈనాటి చరిత్రకారునకు అదియే భాగ్యమైనది. ఉదాహరణకు, మాన్సన్ ఊహలో ఒక పెద్ద పొరపాటు ఉండెను. రక్తము త్రాగిన దోమ నీటిలో చచ్చును, ఆ నీరు త్రాగిన వానికి జ్వరము వచ్చునని ఆయన నమ్మిక. రాస్ దోమలు చచ్చిన నీటిని ఇష్టపడి వచ్చిన మనుష్యులచేత త్రాగించినాడు. ఒకనికి జ్వరము వచ్చినది. సంతోషముతో కబురు పోయినది. తరువాత అది నిలువలేదు. (ఇట్టి పరీక్షలు నేడు ఏ ఆసుపత్రిలోను అనుమతింపరు, అనుమతింపరాదు కూడ.) అచ్చయిన వ్యాసములో ఇట్టి ఓటములు సాధారణముగా కనబడవు. ఉత్తరములో కనబడును, ఏలయన ఉత్తరము వ్రాయునాటికి వ్రాసినవానికి ముగింపు తెలియదు.

నడుమ రాస్‌ను కలరా పనిమీద బెంగుళూరుకు పంపినారు. 1897లో నీలగిరి ప్రాంతపు అడవి కనుమలో అతనికే మలేరియా తగిలినది. ఆ యేడే మరల సికిందరాబాదు వచ్చినాడు. రెక్కలపై మచ్చలు గల ఒక జాతి దోమలను పిల్లపురుగుల నుండి పెంచి, ఆగస్టు 16న వాటిని హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిపై వదలినాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. దినమునకు కొన్ని దోమలుగా కోసి చూడగా ఆగస్టు 20న, ఒక దోమ జీర్ణకోశపు గోడలో గుండ్రని కణములు కనబడినవి. వాటిలో నల్లని రేణువులు ఉన్నవి. అట్టి రేణువులు మలేరియా పరాన్నజీవి గుర్తు. మరునాడు కోసిన దోమలో అవే కణములు, మరికొంత పెద్దవై ఉన్నవి. పెరుగుచున్నవనగా ప్రాణమున్నదన్న మాట. పంకా వేసినచో దోమలు చెదరునని ఆ ఉక్కలో పంకా లేకయే పనిచేసినాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి.

ఆ సంగతి డిసెంబరు 18, 1897 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. దానితోపాటు మాన్సన్ మొదలగువారు తాము చూచిన దానిపై వ్రాసిన అభిప్రాయములు కూడ అచ్చయినవి. రాస్‌ను మాత్రము అధికారులు అప్పటికే రాజపుత్రస్థానమునకు బదిలీ చేసియుండిరి. మిగిలిన పని, అనగా దోమ కాటు ద్వారా వ్యాధి అంటుటను చూపుట, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పూర్తి చేసినాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చినది.

అంతటితో కథ ముగియలేదు. ఇటలీలో గ్రాస్సీయు అతని సహచరులును మనుష్యుల మలేరియాపై గొప్ప కృషి చేసినారు. ముందెవరు అను తగవు ఇరుపక్షముల నడుమ ఏండ్ల తరబడి నడచినది. అట్టి తగవులో వాదన కంటె తేదీ బలమైనది. ఏ దినమున ఏమి చూచినాడో, ఎవరికి ఎప్పుడు తెలిపినాడో ఉత్తరములే సాక్షి. రాస్ ఇది బాగుగ ఎరిగినవాడు; తన ఉత్తరములు, చిత్తుప్రతులు, నోటుపుస్తకములు, పత్రికల ముక్కలు దేనినీ పారవేయలేదు. అవి వేలకొలది అయినవి. ఇంత జాగ్రత్త వెనుక కొంత అహంకారమున్నదనుట అబద్ధము కాదు. తుదకు మాన్సన్‌తోనే స్నేహము చెడినది. అయినను ఆ అహంకారమే కాగితములను కాపాడినది.

ఇక అన్నింటికంటె విచిత్రమైన ఘట్టము. మశూచి టీకా కనుగొన్న జెన్నరుకు బ్రిటిష్ పార్లమెంటు 1802లో 10,000, 1807లో 20,000 పౌండ్లు ఇచ్చినది. తనకును అట్టి పారితోషికము న్యాయమని రాస్ కోరినాడు. దొరకలేదు. 1928లో, డెబ్బదియొకటవ యేట, భార్యాబిడ్డల పోషణకు ధనము కావలెనని చెప్పి తన కాగితములను అమ్మకమునకు పెట్టినాడు. ఆ ప్రకటన అచ్చయినది అతడే సంపాదకుడుగా ఉన్న సైన్స్ ప్రోగ్రెస్ పత్రికలో. లేడీ హ్యూస్టన్ అను ధనికురాలు 2,000 పౌండ్లకు వాటిని కొని, బ్రిటిష్ మ్యూజియమునకు ఇవ్వబోగా మ్యూజియమువారు పుచ్చుకొనలేదు! 1932లో రాస్ మరణించినాడు. ఇప్పుడు ఆ కాగితములు కొంత లండను ఉష్ణమండల వైద్య విద్యాలయములోను, కొంత గ్లాస్గో వైద్యుల కళాశాలలోను ఉన్నవి. మాన్సన్‌తో నడిచిన ఉత్తరములు 1998లో పుస్తకముగా వచ్చినవి. బేగంపేటలోని పాత భవనము రాస్ పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమున నిలిచినది. భవనము ఇక్కడ, ఉత్తరములు అక్కడ.

ఉత్తరములకు ధర పలుకుట మొదలైన చోట మోసగాడు రాక తప్పదు. ఫ్రాన్సులో మిషెల్ షాల్ గొప్ప జ్యామితి పండితుడు. వ్రాంద్యునీ లూకా అనువాడు 1861 మొదలు దాదాపు 8 ఏండ్లు ఆయనకు పాత ఉత్తరములు అమ్మినాడు. మొత్తము 27,000 పైచిలుకు. సుమారు 1,40,000 ఫ్రాంకులు. అన్నియు లూకా స్వహస్తముతో సృష్టించినవే. వాటిలో పాస్కల్ న్యూటనుకు వ్రాసినట్లున్నవి కొన్ని. వాటి ప్రకారము గురుత్వాకర్షణ సూత్రము న్యూటనుది కాదు, పాస్కల్‌ది. ఫ్రెంచి గౌరవము పొంగిన షాల్ 1867లో వాటిని అకాడమీ ముందుంచినాడు. ఉత్తరముపై తేదీ 1654. అప్పటికి న్యూటను 11 ఏండ్ల బాలుడు. మరియు అందులోని గ్రహముల లెక్కలు 1726లో వెలువడిన న్యూటన్ గ్రంథపు మూడవ ముద్రణలోని అంకెలతో సరిపోయినవి. పాస్కల్ మరణించినది 1662లో. ఆ గుట్టలోనే క్లియోపాత్రా సీజరుకు వ్రాసిన ఉత్తరము, అలెగ్జాండరు అరిస్టాటిల్‌కు వ్రాసినది కూడ ఉండెను. అందరును ఫ్రెంచి భాషలోనే వ్రాసినారు! 1870లో లూకాకు రెండేండ్ల ఖైదు పడినది. జ్యామితిలో నిరూపణ లేనిదే అడుగు వేయని పండితుడు, తనకు ఇష్టమైన మాట చెప్పు కాగితమును నిరూపణ అడుగలేదు.

కాగితము నిజమైనదో కాదో తేల్చుటకు నేడు సిరా, కాగితపు పీచు, నీటిముద్ర, దస్తూరి పరీక్షింతురు. అయినను లూకాను పట్టించినవానిలో లెక్కలు, తేదీలు ముఖ్యమైనవి. ఇది బడిపిల్లలు కూడ చేయగల పరీక్ష.

ఉత్తరము నడచిన శాస్త్రమును మార్చిన సందర్భములు మన దేశముననే ఉన్నవి. 1913 జనవరి 16న మద్రాసు గుమాస్తా రామానుజన్ హార్డీకి వ్రాసినది జగమెరిగినదే. 1924 జూన్ 4న ఢాకా నుండి సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసమును ఐన్‌స్టీన్‌కు పంపగా, ఐన్‌స్టీన్ దానిని స్వయముగా జర్మనులోనికి అనువదించి అచ్చు వేయించి, బోసుకు ఒక కార్డు వ్రాసినాడు. విదేశములకు పోవు అనుమతి, సెలవు సులువుగా దొరకుటకు ఆ కార్డే పనికివచ్చినది.

తెలుగువారి ఇంటిలో ఈ శ్రద్ధ తక్కువ. భీమవరమున 1895లో పుట్టి, అమెరికాలో 1948లో మరణించిన యల్లాప్రగడ సుబ్బారావు తన్ను గూర్చి చెప్పుకొనని మనిషి. ఆయన వేరు చేసిన పదార్థములు కొన్ని వెలుగు చూడక, ఇతరులు మరల కనుగొనవలసి వచ్చినదని నోబెల్ గ్రహీత హిచింగ్స్ అభిప్రాయము. రాస్‌కు ఉన్న పెట్టెలు సుబ్బారావుకు లేవు.

నకిరేకల్ వంటి ఊళ్ళలో ఏ రిటైరయిన ఉపాధ్యాయుని ట్రంకు పెట్టెలోనో, ఏ వైద్యుని అటకపైననో పాత కార్డులు ఉండవచ్చును. వాటిని పారవేయుటకు ముందు ఒకసారి చదువవలెను. కవరును వేరు చేసి పారవేయరాదు; తపాలా ముద్రపై ఊరు, తేదీ ఉండును. చిరుగులకు జిగురు టేపు అంటించరాదు. అది కొన్నేండ్లకు పచ్చబడి సిరాను తినును. ఎండ, చెద, తడి తగులకుండ శుభ్రమైన కాగితపు కవరులో విడివిడిగ ఉంచి, ఎవరు ఎవరికి వ్రాసినదియు, ఎవరి ఇంట దొరకినదియు ఆ కవరుపై పెన్సిలుతో వ్రాయవలెను. ఉత్తరముపై ఏమియు వ్రాయరాదు. ముఖ్యమైనవని తోచినచో హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రాగారమువారిని సంప్రదింపవచ్చును.