యమున నీటిలో వచ్చిన పచ్చకామెర్లు

1955 డిసెంబరులో ఢిల్లీలో వేలమందికి కళ్లు పచ్చబడ్డాయి. ఆ ఏటి వరదల తర్వాత యమున పాయ పక్కకు జరిగింది. నజఫ్‌గఢ్ కాలువ మురుగు వెనక్కి తన్ని, వజీరాబాద్ వద్ద నగరానికి నీళ్లు తోడే చోట కలిసింది. కొన్ని వారాల్లోనే దాదాపు 29 వేలమందికి కామెర్లు సోకాయి. గర్భిణుల పాలిట ఆ జబ్బు మరీ ప్రాణాంతకమైంది.

కామెర్లు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. కణాలు మితిమీరి విరిగినా, కాలేయం దెబ్బతిన్నా, పిత్తనాళానికి రాయి అడ్డుపడినా ఆ పసుపు ఒంట్లోనే నిలిచిపోతుంది. ఈ మూడు రకాలకూ ఒకే పసరు పనిచేయదు.

ఢిల్లీది రెండో రకం.

దాన్ని వైరస్ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ అనే చాలాకాలం నమ్మారు. దాచి ఉంచిన ఆనాటి రక్త నమూనాలను పరీక్షించాక, అది ‘ఎ’ కాదని 1980లో తేలింది. కశ్మీర్‌లో 1978 నాటి వ్యాప్తిని పరిశీలించిన డాక్టర్ ఖురూ కూడా 1980లోనే అలాంటి నిర్ధారణే ప్రకటించారు. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్ అయితే అలాంటి కామెర్ల రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని స్వయంగా తాగి జబ్బుపడ్డారు. తన మలంలోనే వైరస్ కణాలను గుర్తించి, 1983లో లోకానికి చాటారు. దానికే తర్వాత హెపటైటిస్-ఇ అని పేరు వచ్చింది.

నీళ్లు కాచి చల్లార్చి తాగండి. గర్భిణి కళ్లు పచ్చబడితే పసరు కోసం తిరగకుండా, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.