కొమగాటమారు: "అక్రమ వలస" పుట్టుక

"అక్రమ వలస" అనగానే చట్టాన్ని అతిక్రమించిన మనిషి కళ్లముందు నిలుస్తాడు. ఆ చట్టాన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్న ప్రశ్న వెనకబడిపోతుంది. కొమగాటమారు ఓడ చరిత్ర ఆ ప్రశ్నకే జవాబు చెబుతుంది.

20వ శతాబ్దారంభంలో కెనడా పశ్చిమ తీరాన కలప మిల్లులకు, రైలుమార్గాలకు చౌకగా పనిచేసే కూలీలు కావలసివచ్చారు. పంజాబు రైతుబిడ్డలు వెళ్లారు. కూలిరేట్లు తగ్గించి లాభపడినవారు యజమానులు. తెల్ల కార్మికుల ఆగ్రహం మాత్రం ఆసియా కార్మికుల మీదికి మళ్లింది. 1907 సెప్టెంబరులో వాంకూవరులోని చైనీయుల, జపానీయుల వాడలపై దాడి జరిగింది. దానికి దారితీసిన ఆందోళనలో కార్మికసంఘాలకూ పాత్ర ఉందన్న చేదునిజాన్ని మనం దాచుకోరాదు.

భారతీయులు బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలు. పేరుపెట్టి నిషేధిస్తే 1858 నాటి రాణి ప్రకటనలోని సమానత్వం బూటకమని ఒప్పుకున్నట్లే. అందుచేత 1908లో కెనడా ప్రభుత్వం ఒక ఉత్తర్వు చేసింది: వలస వచ్చేవారు స్వదేశంలోనే పూర్తి టిక్కెట్టు కొని, దారిలో ఆగకుండా రావాలి. ఇందులో జాతి పేరు లేదు, రంగు పేరు లేదు. కాని ఇండియానుంచి అలాంటి టిక్కెట్లు అమ్మవద్దని ఓడల కంపెనీకి ప్రభుత్వమే చెప్పింది! చేతిలో 200 డాలర్లుండాలన్న నిబంధన కూడా వచ్చింది. 1907-08లో 2,623 మంది భారతీయులు కెనడాలో అడుగుపెట్టగా, మరుసటి ఏడు ఆరుగురే ప్రవేశించారు.

1913 నవంబరులో న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వం మాటలు సవరించి, 1914 జనవరిలో మళ్లీ జారీచేసింది. గురుదిత్ సింగ్ జపాను ఓడను అద్దెకు తీసుకుని, ఏప్రిల్ 4న హాంకాంగులో బయలుదేరాడు. మే 23న 376 మందితో వాంకూవరు చేరాడు. లోగడ అక్కడ నివసించిన కొద్దిమందిని తప్ప దాదాపు ఎవరినీ దిగనివ్వలేదు. తిండికీ నీటికీ కటకటలాడుతూ వారు రెండు నెలలు ఓడలోనే ఉన్నారు. వాంకూవరు సోషలిస్టులు కొందరు వారి పక్షాన నిలిచారు. చివరకు యుద్ధనౌకను ఎదుట నిలిపి, జూలై 23న వెనక్కి పంపారు. సెప్టెంబరు 29న కలకత్తా సమీపాన బజ్‌బజ్‌లో బ్రిటిష్ ప్రభుత్వం కాల్పులు జరిపింది. 20 మంది దాకా ప్రయాణికులు మరణించారు.

వీరు శరణార్థులు కారు, బతుకుదెరువుకు వెళ్లినవారు. అయినా వీరిపై ప్రయోగించిన పద్ధతి తరువాత శరణార్థుల మీదికీ వచ్చింది. 1983లో శ్రీలంకలో తమిళులపై హత్యాకాండ జరిగింది. 1985లో బ్రిటన్ శ్రీలంకవాసులకు వీసా తప్పనిసరి చేసింది. 1987లో, సరైన పత్రాలు లేని ఒక్కొక్క ప్రయాణికునికి 1,000 పౌన్ల చొప్పున విమాన, ఓడల కంపెనీలపై జరిమానా విధించే చట్టం తెచ్చింది. శరణు కోరాలంటే ఆ గడ్డమీద అడుగుపెట్టాలి; అందుకు వీసా కావాలి; శరణు కోరడానికంటూ ఇచ్చే వీసా లేదు. 1908లో వలె ఇక్కడా శరణును నిషేధించే మాట చట్టంలో కనిపించదు. దారి మూసే పని కంపెనీ గుమాస్తా చేతికి అప్పగించారు. దొంగదారి పట్టినవాడికి "అక్రమ" ముద్ర పడుతుంది.

ఆగకుండా రావాలన్న కెనడా నిబంధన 1947లో పోయింది. 2016 మేలో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణను స్వాగతిద్దాం. కాని నేడు "అక్రమ వలసదారు" అన్న మాట విన్నప్పుడల్లా, అతనికి సక్రమమైన దారి ఏది మిగిల్చారని అడగడం మన కర్తవ్యం. ఆ ప్రశ్న కార్మికసంఘాలలోనే మొదట వినిపించాలి.