మాంట్‌పీలియర్ గుట్ట మీది ఇల్లు

డబ్లిన్‌లోని మా టాలా నుంచి దక్షిణానికి చూస్తే గుట్ట నెత్తిన మొండిగోడల ఇల్లొకటి కనిపిస్తుంది. డబ్లిన్ వాళ్ళు దాన్ని హెల్‌ఫైర్ క్లబ్ అంటారు. కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు చెప్పింది పేకాట కథే. గాలివాన రాత్రి ఎవరో తలుపు తట్టి ఆటలో కూర్చున్నాడట. కిందపడిన ముక్క కోసం వంగినవాళ్ళకు బల్ల కింద అతని కాళ్ళకు చీలిన గిట్టలు కనిపించాయట. వెక్స్‌ఫర్డ్‌లోని లాఫ్టస్ హాల్ గురించి కూడా అచ్చం ఇదే కథ చెబుతారు. ఈ గుట్టకే సొంతమైన కథ దానికంటే పాతది.

1725 ప్రాంతంలో ఐరిష్ పార్లమెంటు స్పీకరు విలియం కానలీ ఇక్కడ వేట బంగ్లా కట్టించాడు. శిఖరాన అప్పటికే పెద్ద రాళ్ళగుట్ట ఉంది. ఆ రాళ్ళే గోడలకెక్కాయి. దగ్గర్లో నిలువుగా పాతి ఉన్న రాయిని పొయ్యిగూటికి పైదూలంగా వేశారు. కొన్నాళ్ళకే ఒక తుపాను రాత్రి పైకప్పు ఎగిరిపోయింది. పాతరాళ్ళను కదిపినందుకు ఇది సైతాను పనేనన్నారు చుట్టుపక్కల జనం. కానలీ వెనక్కి తగ్గలేదు, కమానులా రాతికప్పు వేయించాడు. లోపలికి వెళ్ళినప్పుడు తలెత్తి చూడండి, దాదాపు మూడు వందల ఏళ్ళ గాలివానకు ఓర్చి ఆ కప్పు ఇంకా నిలిచే ఉంది.

1729లో కానలీ పోయాడు. 1735 ప్రాంతంలో రాస్ ప్రభువు రిచర్డ్ పార్సన్స్ మొదలుపెట్టిన తాగుబోతు దొరల క్లబ్బు ఇక్కడ చేరేదంటారు. పేకాట కథ ఆ క్లబ్బు పేరుతో పుట్టిందే.

2016లో పురావస్తు నిపుణులు ఇంటి వెనక తవ్వారు. కానలీ మనుషులు రాళ్ళు పీకిన ఆ దిబ్బ సుమారు 5,000 ఏళ్ళనాటి సమాధి అని తేలింది. న్యూగ్రేంజ్ సమాధిలోలాగే లోపలికి రాతి నడవా ఉండే రకం. చెక్కడాలున్న రాయి కూడా దొరికింది. అది చదివిన రోజు నాకు నానమ్మ గుర్తొచ్చింది. తెలంగాణలో మా వైపు ఇనుపయుగపు సమాధులను రాకాసి గుళ్ళంటారు. వాటి రాళ్ళు ఇంటికి తేకూడదనేది ఆమె. ఇక్కడి రైతులకూ అది ఎవరి సమాధో తెలియదు, ముట్టకూడదని మాత్రం తెలుసు. వాళ్ళ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

ఆదివారాలు మనవాళ్ళు చాలామంది ఎక్కుతున్నారు. ఇంట్లో ఫొటోలు దిగి వచ్చేయకండి. వెనక గడ్డి కప్పిన దిబ్బ దగ్గర కాసేపు నిలబడండి. అక్కడ చలిమంట వేయకండి, రాయి కదపకండి.