సామాజిక మాధ్యమాల్లో బహిరంగత, గోప్యత: హద్దు ఎక్కడ?

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, సర్తానా ప్రాంతానికి చెందిన తక్షశిల ఆర్కేడ్ భవనంలో 2019 మే 24న ఘోర అగ్నిప్రమాదం సంభవించింది. పై అంతస్తులో శిక్షణ తరగతులకు వచ్చిన విద్యార్థులు మంటల్లో, పొగలో చిక్కుకున్నారు. దారి లేక కొందరు పైనుంచి కిందికి దూకారు. ఈ దుర్ఘటనలో 22 మంది విద్యార్థులు మరణించారు. కింద గుమిగూడినవారు సెల్‌ఫోన్లలో చిత్రీకరించిన దృశ్యాలు అదే రోజు దేశమంతటా వ్యాపించాయి.

బహిరంగత వల్ల కలిగే మేలు, దాని వల్ల కలిగే గాయం, రెండూ ఆ దృశ్యాల్లోనే ఉన్నాయి. భవనంలో రక్షణ ఏర్పాట్ల లేమిని ప్రజలు కళ్ళారా చూశారు. బాధ్యులెవరన్న ప్రశ్నకు అవి బలమిచ్చాయి. గుజరాత్‌లోని శిక్షణ కేంద్రాల్లో అగ్నిమాపక భద్రతపై తనిఖీలు చేపట్టారు. అయితే అవే దృశ్యాల్లో ప్రాణభయంతో దూకుతున్న పిల్లలు కూడా ఉన్నారు. ఆ చిత్రీకరణకు వారి సమ్మతి లేదు, కన్నవారి సమ్మతీ లేదు. భవనం లోపాన్ని చాటడానికి మెట్లు, కిటికీలు, నిచ్చెనలు చూపితే చాలు. పిల్లల ముఖాలు అవసరం లేదు.

చట్టం ఏమంటోంది?

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 2015 మార్చి 24న, శ్రేయా సింఘాల్ కేసులో సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టివేసి, ఆన్‌లైన్ భావప్రకటన స్వేచ్ఛను కాపాడింది. ఈ రెండు తీర్పులూ పరస్పర విరుద్ధమైనవి కావు. మాట్లాడే స్వేచ్ఛ, మౌనంగా ఉండే స్వేచ్ఛ రెండూ పౌరునివే.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ఇందులో సామాన్యులు గమనించవలసిన మినహాయింపు ఒకటుంది. ఒక వ్యక్తి తన సమాచారాన్ని తానే సామాజిక మాధ్యమంలో బహిరంగపరిస్తే, ఆ సమాచారానికి ఈ చట్టం వర్తించదు. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా అందరికీ కనిపించేలా ఉంచినవారు ఆ మేరకు రక్షణను వదులుకున్నట్లే.

వలస కుటుంబాలకు రెండూ అవసరమే

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా నివసిస్తున్నాయి. ఇటువంటి కుటుంబాలకు సొంత ఊరితో బంధం నిలుపుకునే సాధనం ఫోనే. పని ఖాళీల సమాచారం, రక్తదాన విజ్ఞప్తి, తప్పిపోయినవారి వివరాలు ఎంత ఎక్కువమందికి చేరితే అంత ప్రయోజనం. పిల్లల ఫొటోలు, వైద్య నివేదికలు, ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్తున్న సంగతి మాత్రం అయినవారి మధ్యే ఉండటం మేలు. వాట్సాప్ సందేశాన్ని దారిలో ఇతరులు చదవకుండా సంకేతీకరణ కాపాడుతుంది. అందుకున్న వ్యక్తి దాన్ని మరొకరికి పంపకుండా ఆపలేదు.

వ్యక్తిగత చిత్రాలు దుర్వినియోగమైతే సంబంధిత వేదిక ఫిర్యాదుల అధికారికి తెలియజేయవచ్చు. జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. డబ్బు మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అధికారం, ప్రజాభద్రతకు సంబంధించిన విషయాల్లో బహిరంగత సమాజానికి రక్ష. వ్యక్తి శరీరం, కుటుంబం, దుఃఖం విషయంలో గోప్యతే రక్ష. ఒక దృశ్యాన్ని పంచుకునే ముందు అది లోపాన్ని చూపుతోందా, బాధితుణ్ణి చూపుతోందా అని చూసుకుంటే ఆ హద్దు తెలుస్తుంది.