రియాద్‌లో మొదటి నెల: ఇంటి వంటకు కావలసినవి, వెంట తీసుకెళ్లకూడనివి

ఉద్యోగం కోసం సౌదీ రాజధాని రియాద్ వెళ్లే తెలుగువారికి మొదటి నెల కష్టంగానే గడుస్తుంది. ఇఖామా చేతికి రావాలి, భాష అలవాటు కావాలి, రూమ్‌లో కొత్త మనుషులతో సర్దుకోవాలి. అలాంటప్పుడు రాత్రి పూట ఇంత పప్పన్నం, కాస్త పచ్చడి ఉంటే మనసు కుదుటపడుతుంది. అందుకే అమ్మలు సూట్‌కేస్ నిండా సర్ది పంపుతారు. అయితే ఏం సర్దుతున్నారో ఒకసారి చూసుకోవాలి.

గసగసాలతో జాగ్రత్త

బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, కుర్మాల్లో మన ఇళ్లలో గసగసాలు వేస్తారు. సౌదీ, యూఏఈలలో ఇవి నిషేధం. నల్లమందు మొక్క గింజలు కాబట్టి అక్కడ మత్తు పదార్థాల కింద లెక్క. ఉర్దూలో ఖష్‌ఖష్ అనేదాన్ని అరబ్బీలోనూ ఖష్‌ఖాష్ అనే అంటారు. కొద్దిగా దొరికినా కేసు, జైలు తప్పకపోవచ్చు. "వంటకే తెచ్చాను" అంటే సరిపోదు. విడి గింజలే కాదు, ఇంట్లో దంచిన మసాలా పొడుల్లోనూ ఇవి లేకుండా చూసుకోవాలి. చిక్కదనం కోసం నువ్వులు, పల్లీలు, జీడిపప్పు వేస్తే చాలు.

ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, త్వరగా మండుతుంది. అందుకే విమానంలో దానికి అనుమతి లేదు. పచ్చళ్లు, నెయ్యి చేతి బ్యాగులో కాకుండా, బాగా సీల్ చేసి చెక్-ఇన్ లగేజీలో పెట్టాలి. "మా వాడికి ఇవ్వు బాబూ" అంటూ ఎవరైనా ఇచ్చే పొట్లం, అది పచ్చడి సీసా అయినా సరే, విప్పి చూడకుండా తీసుకోవద్దు. అందులో ఏది బయటపడినా మోసినవారే జవాబు చెప్పాలి.

అక్కడే దొరికేవి

నిజానికి మోసుకెళ్లాల్సినవి తక్కువే. బత్‌హా ప్రాంతంలోని ఇండియన్ దుకాణాల్లో కందిపప్పు, పచ్చళ్లు దొరుకుతాయి. మామూలు బజారులో కొనాలంటే మాత్రం అరబ్బీ పేర్లు తెలిసి ఉండాలి:

- చింతపండు: తమర్ హిందీ (అంటే "హిందుస్తానీ ఖర్జూరం")
- ఎర్ర మసూర్ పప్పు: అదస్
- జీలకర్ర: కమ్మూన్
- మెంతులు: హిల్బా
- కొత్తిమీర, ధనియాలు: కుజ్‌బరా
- ఉల్లిపాయ: బసల్
- పాలు: హలీబ్
- పెరుగు: జబాదీ

లబన్ అంటే మజ్జిగ లాంటిది. పెరుగన్నానికి జబాదీ కొనాలి.

అదస్, తమర్ హిందీ ఉంటే ఖట్టీ దాల్ సిద్ధమైనట్టే. పప్పు మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు పోసి మరిగించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకుతో పోపు పెడితే సరి. పోపు వాసనకే ఇల్లు గుర్తొస్తుంది.

కొత్త కాని రుచులు

హైదరాబాదీలకు అక్కడి తిండి మరీ పరాయిది కాదు. 2010లో జీఐ గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం మూలం అరబ్బుల హరీస్. బార్కస్‌లో తినే మండీ యెమెన్‌ది. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వారసులు ఇప్పటికీ ఆ బస్తీలో ఉన్నారు. ఊరి మీద బెంగ పుట్టిన రోజు ఓ మండీ హోటల్‌కు వెళ్లినా కొంత ఊరట దొరుకుతుంది.

మెస్‌లో చేరడం మేలు

ఒక రూమ్‌లో నలుగురైదుగురు ఉంటే ఖర్చు పంచుకుని, వంతులవారీగా వండుకునే పద్ధతిని మెస్ అంటారు. ఒంటరిగా హోటల్ తిండి మీద బతకడం కన్నా ఇది చవక. వంట రానివారు కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడంతో మొదలుపెట్టొచ్చు. నెల తిరిగేసరికి పప్పు పెట్టడం వస్తుంది. నలుగురితో కలిసి తినే అలవాటూ అవుతుంది.